ఊ కొట్టినంత సేపూ చదువే

పెద్దారవీడు మండలంలో ఏ ఊరి బడికి పోయినా ఇలాంటి పిల్లవాడు ఒకడు ఉంటాడు. నాలుగో తరగతికి వచ్చాడు. వాచకం తెరిచి మూడు లైన్లు చదవమంటే తల వంచుకుంటాడు. ‘మ’ను ‘య’ అంటాడు. ఒత్తు దగ్గర ఆగిపోతాడు. ఒక లైను సగంలో ఉండగానే చూపు కింది లైనులోకి జారిపోతుంది. తను రాసింది తనకే చదవరాదు. అదే పిల్లవాణ్ని పొద్దు గుంకాక అరుగు మీద కూర్చోబెట్టుకుని మొన్న చూసిన సినిమా చెప్పమనండి. ఎవరికి ఎవరు ఏమవుతారు, తగువు ఎక్కడ మొదలైంది, అన్నను కొట్టినవాణ్ని తమ్ముడు ఎట్లా పట్టుకున్నాడు, అన్నీ వరస తప్పకుండా అరగంట చెబుతాడు. నడుమ గొంతు మారుస్తాడు, చేతులు తిప్పుతాడు. ఎక్కడ ఆపితే వినేవాళ్లు ‘తర్వాత?’ అంటారో కూడా వాడికి తెలుసు.

పొద్దున చదవలేక నిలబడిపోయిందీ, సాయంత్రం కథ చెప్పి అందరినీ కూర్చోబెట్టిందీ ఒకే పిల్లవాడు. సాయంత్రం కనిపించిన ఆ తెలివిని పొద్దుటి పాఠంలోకి ఎట్లా తెచ్చుకోవాలన్నదే ఈ అధ్యాయం.

వాడికి మనం పెట్టే పేర్లు మీకు తెలుసు. ఊళ్లో మొద్దు అంటారు, మట్టిబుర్ర అంటారు. బళ్లో కాస్త మర్యాదగా ‘స్లో లెర్నర్’ అంటారు. ఏ మాటతో పిలిచినా వాడికి అర్థమయ్యేది ఒకటే: నా వల్ల కాదు. ఆ మాట వాడి మనసులో ఒకసారి కుదురుకున్నాక, మనం ఎంత చెప్పినా అక్షరం లోపలికి పోదు. కాబట్టి ముందుగా సరిచేయవలసింది మన నోటినే.

వాడి ఇబ్బందికి అభ్యసన వైకల్యం అని పేరు. ఇది తెలివి తక్కువ కావడం కాదు. చూపు, వినికిడి, బుద్ధి బాగానే ఉండి, చదవడంలోనో రాయడంలోనో లెక్కల్లోనో మాత్రం మెదడు దారి తడుముకుంటుంది. చదవడంలో వచ్చేది డిస్లెక్సియా, రాతలో వచ్చేది డిస్‌గ్రాఫియా, అంకెల్లో వచ్చేది డిస్‌కాల్క్యులియా. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఉన్న 7 రకాల్లో వీటికి చోటు లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఆ పట్టికను 21కి పెంచినప్పుడు ఇవి చేరాయి. అంతకుముందు ఎన్ని తరాల పిల్లలు మొద్దులుగా ముద్రపడి బడి మానేశారో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. వైకల్య ధ్రువపత్రం 8 ఏళ్లు నిండాకే ఇస్తారు. సాయం చేయడానికి మాత్రం అందాకా ఆగక్కర్లేదు. ముందు కళ్లు, చెవులు చూపించండి. అవి బాగున్నాయని తేలితే మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ఉపాధ్యాయులతో మాట్లాడండి.

మన పశ్చిమ ప్రకాశంలో ఈ ఇబ్బంది కంటపడకుండా ఇంకో మరుగు ఉంది. వానలు పడని ఏడు అమ్మానాన్నలు పని కోసం హైదరాబాదుకో బెంగళూరుకో పోతారు. పిల్లవాడు వాళ్ల వెంట పోయి నాలుగు నెలలకు తిరిగి వస్తాడు, లేదంటే అవ్వ దగ్గర ఉండి బడికి వారానికి మూడు రోజులే పోతాడు. చదువు రాకపోతే ‘వలస పోయొచ్చాడు కదా’ అనుకుని అక్కడితో వదిలేస్తాం. ఒకటి గమనించండి. వాడితో పాటు వలస పోయొచ్చిన మిగతా పిలకాయలు రెండు మూడు నెలల్లో అందుకున్నారు, రోజూ బడికి వస్తున్నా వీడొక్కడు మాత్రం ఉన్నచోటే ఉన్నాడు అంటే, వలస ఒక్కటే కారణం కాదని అనుమానించాలి.

ఆరు నెలల గడువు

చదువు రాని పిల్లలకు కథతో చదువు చెప్పడం మనకు కొత్త కాదు. పంచతంత్రం పుట్టిందే అందుకు. మహిలారోప్యం పట్టణం, అమరశక్తి రాజు, ముగ్గురు కొడుకులు. ముగ్గురికీ చదువు పొసగదు. వ్యాకరణానికే పన్నెండేళ్లు పడుతుంది, శాస్త్రాలు ఆ పైన అని రాజుగారి కొలువులో లెక్క చెబుతారు. ఎనభై ఏళ్ల విష్ణుశర్మ వచ్చి ఆరు నెలలు చాలంటాడు. పన్నెండేళ్ల వ్యాకరణాన్ని పక్కన పెట్టి ఒక సింహాన్ని, ఒక ఎద్దును, రెండు నక్కల్ని తెచ్చి పిల్లల ముందు నిలబెడతాడు.

చిన్నయసూరి 1853లో నీతిచంద్రికతో ఆ కథల్ని తెలుగులోకి తెచ్చాడు. ఆ భాష అందం వేరు. కానీ మనం దాన్ని పాఠ్యపుస్తకం చేసి, అర్థాలూ సంధులూ అడిగి, కథ కోసం పుట్టినదాన్ని మళ్లీ వ్యాకరణం దగ్గరికే చేర్చాం. రాజకుమారుల చేతికి విష్ణుశర్మ పుస్తకం ఇవ్వలేదు, నోటితో చెప్పాడు. ఈ తేడా మన పిల్లవాడి విషయంలో చాలా పెద్దది. వాడికి కథ అర్థం చేసుకోవడం వచ్చు, అచ్చు చదవడం రాదు. ఈ రెండింటినీ ఒకే ముడి వేసి ‘చదివితేనే కథ’ అన్నామంటే, వాడికి వచ్చినదాన్ని కూడా రానిదాని వెనక దాచేసినట్టే. గుజరాత్‌లో గిజుభాయి బధేకా 1930ల తొలినాళ్లలో రాసిన ‘పగటికల’లో ఉపాధ్యాయుడు కూడా గోల చేసే తరగతిని కథతోనే దారికి తెచ్చుకుంటాడు. చదువు తర్వాత మొదలవుతుంది.

కథలే ఎందుకు, అందులోనూ నిజం కథలుండగా కల్పన కథలే ఎందుకని అడగవచ్చు. విడివిడిగా చెప్పిన ఏడు సంగతులు ఈ పిల్లల మనసులో నిలవవు. ఒకదాని కొనకు ఇంకోటి ముడివేసి చెబితే నిలుస్తాయి, కథ చేసే పని ఆ ముడి వేయడమే. ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. ఈ పిల్లవాడు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా తప్పులు చేస్తూనే ఉంటాడు. చదివితే తప్పు, రాస్తే తప్పు, కూడితే తప్పు. మాట్లాడే చేప రంగేమిటని అడిగితే వాడు ఏం చెప్పినా తప్పు కాదు. రోజంతటిలో వాడి జవాబు తప్పు కాని చోటు అదొక్కటే. అక్కడ నిలబడి వాడు ధైర్యం తెచ్చుకుంటాడు.

చేప ఎందుకు ఎండలేదు

మన ఇళ్లలో అందరికీ తెలిసిన ఏడు చేపల కథ ఈ పిల్లల కోసమే కట్టినట్టు ఉంటుంది. ఏడుగురు రాజకుమారులు వేటకు పోయి ఏడు చేపలు తెచ్చి ఎండబెడతారు. ఒక చేప ఎండదు. ఎందుకంటే గడ్డిమేటు అడ్డం వచ్చింది. మేటు ఎందుకుందంటే ఆవు మేయలేదు. అలా వెనక్కి వెనక్కి పోయి, చివరికి చీమ పుట్ట దగ్గర తేలుతుంది. ప్రతి మెట్టుకూ ఒక ‘ఎందుకు’ ఉంది, ప్రతి ‘ఎందుకు’కూ ఒకే జవాబు ఉంది. పాఠం చదివాక పిల్లల్ని మనం అడిగే ప్రశ్నలన్నీ ఈ ‘ఎందుకు’లే. ఆ ప్రశ్నకు జవాబు వెతకడం వాడు చేపల దగ్గర నేర్చుకుంటాడు.

మొదటి రాత్రి ఊరికే చెప్పండి. ఊ కొట్టమనండి. ఊ కొట్టించుకోవడం ముచ్చట కోసం పెట్టుకున్న అలవాటు కాదు. ‘ఊ’ ఆగిందంటే పిల్లవాడి మనసు కథలోంచి జారిందని కథ చెప్పే అవ్వకు వెంటనే తెలుస్తుంది. అప్పుడామె గొంతు మారుస్తుంది, లేదంటే ఎక్కడున్నాం రా అని అడుగుతుంది. చూపు నిలవని పిల్లలకు ఇంతకు మించిన కొలత ఏ పరీక్షలోనూ లేదు. రెండో రాత్రి కావాలని తప్పు చెప్పండి. ఆవు మేయలేదనే చోట చేప మేయలేదనండి. వాడు లేచి కూర్చుని మిమ్మల్ని సరిచేస్తాడు. ఎప్పుడూ ఇతరులు తనను సరిచేయడమే చూసినవాడికి అదొక పండుగ. వాడి ముఖం చూస్తే మీకే అర్థమవుతుంది.

మూడో రోజు పలక ఇవ్వండి. ఒక్కో మెట్టుకు ఒక్కో బొమ్మ వేయమనండి. బొమ్మ బాగుండక్కర్లేదు, నాలుగు గీతలు చాలు. ఆ బొమ్మల్ని చూపుడు వేలితో తాకుతూ కథ ముందుకు చెప్పించండి, తర్వాత చీమ దగ్గర్నుంచి వెనక్కి చెప్పించండి. వరస గుర్తుండని పిల్లలకు ఇదే అసలు కసరత్తు. కథను ఇలా పటంగా వేసుకునే పద్ధతిని 1980ల నుంచి అమెరికాలో అభ్యసన వైకల్యం ఉన్న పిల్లలతో ప్రయోగించి చూశారు. చదివింది అర్థం చేసుకోవడంలో వాళ్లు మెరుగయ్యారు. మన అవ్వలు పటం వేయలేదు, మనసులో వేయించారు.

బొమ్మలు కుదిరాక ఒక్కోదాని కింద ఒక్కో మాట రాయండి. ముందు చేప, ఆవు, చీమ. ఒత్తులు లేనివి. అవి కుదిరాక గడ్డి, అవ్వ. వారం తర్వాత బొమ్మ చెరిపేసి మాట ఉంచండి. వాడు ఆ మాటను చూసి ‘చీమ’ అంటే అది చదవడం కాదు, గుర్తుపట్టడమే అని కొందరంటారు. నిజమే. కానీ గుర్తుపట్టిన మాటలోంచి ‘చీ’ని, ‘మ’ను విడదీసి చూపించడం, ఎన్నడూ చూడని మాటలోంచి విడదీయడం కంటే ఎంతో తేలిక.

తర్వాత వాడి చేత సొంత గొలుసు కట్టించండి. మన ఊళ్లో పనికొచ్చే ప్రశ్న ఒకటుంది: బోరులో నీళ్లెందుకు రాలేదు? బోరమ్మా బోరమ్మా ఎందుకు రాలేదంటే, భూమి ఇవ్వలేదంటుంది. భూమిని అడిగితే వాన పడలేదంటుంది. వానను అడిగితే మబ్బు కదల్లేదంటుంది. మబ్బేమో నల్లమల కొండ మీద తల పెట్టుకుని నిద్రపోయింది. దాన్ని లేపవలసిన నెమలి ఎందుకు ఆడలేదో పిల్లవాడు చెప్పాలి. ఎట్లా చెప్పినా ఒప్పుకోండి. నీటి చక్రం పాఠం వచ్చిన రోజు ఈ గొలుసును బయటికి తీసి, ఇందులో ఏది నిజం, ఏది మన కల్పన అని వాడినే విడదీయమనండి. అప్పుడు కల్పన సైన్సుకు అడ్డం రాదు, దాని దాకా చేయి పట్టుకుని తీసుకుపోతుంది.

మారువేషంలో ఆరుగురు

తెలుగు లిపిలో ఒక సుళువు ఉంది, ఒక బరువు ఉంది. రాసింది రాసినట్టు పలుకుతాం కాబట్టి ఇంగ్లీషులో లాగా స్పెల్లింగుల గండం లేదు. అందుకే మన పిల్లల్లో డిస్లెక్సియా తప్పుగా చదవడంలో కంటే చాలా మెల్లగా, తడుముకుంటూ చదవడంలో బయటపడుతుంది. మెల్లగా చదివేవాణ్ని సోమరి అనుకుని వదిలేస్తాం. బరువేమిటంటే రూపాల సంఖ్య. గుణింతాలు, ఒత్తులు కలిస్తే వందలు. మనకు దగ్గరి లిపి ఉన్న కన్నడ పిల్లలను పరిశోధకురాలు సొనాలీ నాగ్ పరిశీలిస్తే, అక్షరాలన్నీ పట్టుబడడానికి ఏ ఇబ్బందీ లేని పిల్లలకే నాలుగో తరగతి దాకా పడుతోందని తేలింది. ఇబ్బంది ఉన్నవాడికి ఇంకెంత కాలం పడుతుందో ఊహించండి.

ఒత్తుల దగ్గర పిల్లలు ఎందుకు ఆగిపోతారో చూస్తే కారణం స్పష్టంగానే కనిపిస్తుంది. చాలా ఒత్తులు తలకట్టు తీసేసిన అసలు అక్షరంలాగే ఉంటాయి. త, న, మ, య, ర, ల అనే ఆరింటి ఒత్తులకు మాత్రం అసలు అక్షరంతో పోలికే ఉండదు. పెద్దవాళ్లం అలవాటుపడి ఈ సంగతి మరిచిపోయాం. పిల్లవాడికి ఇది పచ్చి మోసంలాగే కనిపిస్తుంది.

ఆ మోసాన్నే కథ చేయండి. అక్షరాల కోటకు రాజు ఉన్నాడు. కోటలో ఆరుగురు వేగులవాళ్లు ఉన్నారు. రాత్రిళ్లు మారువేషం వేసుకుని, మిగతా అక్షరాల కాళ్ల దగ్గర నక్కి కోట దాటిపోతారు. కోట వాకిట కాపలాదారు మన పిల్లవాడు. వేషం చూసి మనిషిని పట్టాలి. మొదటి రాత్రి వాళ్లను అసలు రూపంతో పాటే పట్టివ్వాలి కాబట్టి ఈ ఆరు మాటలు తీసుకోండి: అత్త, అన్న, అమ్మ, కొయ్య, గొర్రె, పిల్ల. ప్రతి మాటలోనూ మనిషి పైన ఉన్నాడు, వాడి వేషం కింద ఉంది. ఆరూ ఇంట్లో వాడే మాటలే. వీటిని అట్టముక్కల మీద పెద్దగా రాసి, రోజుకు ఒక వేగులవాణ్ని పట్టించండి. వేషం మీద వేలు పెట్టి తిప్పించండి, ఇసుకలో గీయించండి, గట్టిగా పలికించండి. కన్ను, చెవి, వేలు ఒకేసారి పనిచేస్తే అక్షరం నిలుస్తుందని 1930ల నుంచి ఆర్టన్, గిల్లింగ్‌హామ్ పద్ధతి చెబుతూ వస్తోంది. ఇసుక పళ్లెంలో ఓనమాలు దిద్దించిన మనకు అది వింతేమీ కాదు. ఆరుగురూ దొరికాక, ఇంకో అక్షరం కింద దాక్కున్న వేగులను పట్టమనండి. భక్తిలో ఎవరున్నారు? చంద్రుడిలో ఎవరు? పద్మలో? ఆ మాటలు వాచకంలో కనపడగానే వాడు వాటిని వెతికి పట్టుకుంటాడు. పుస్తకాన్ని తప్పించుకు తిరిగేవాడు దానిలోకి వేటకు పోయినట్టు పోతాడు.

పలక చెప్పిన కథ

మార్కాపురం పలక మీద ఎన్ని లక్షల మంది పిల్లలు ఓనమాలు దిద్దారో చెప్పలేం. ఆ పలక తీసిన గనుల చుట్టూ ఉన్న ఊళ్లలోనే అక్షరం రాక బాధపడే పిల్లవాడు ఉండడం నన్ను ఎప్పుడూ కలతపెట్టే విషయం. పరిశ్రమ ఇప్పుడు బాగా తగ్గింది. పలకరాయి ఎక్కువగా ఇళ్ల గోడలకూ నేలకూ పోతోంది. ప్లాస్టిక్ పలకలు, నోటుపుస్తకాలు వచ్చాయి. నా మాట వినేవాళ్లుంటే, అభ్యసన వైకల్యం ఉన్న పిల్లవాడికి మూడు నాలుగు తరగతుల్లో కూడా రాతిపలక ఇవ్వమంటాను. నోటుపుస్తకంలో తప్పు ఎర్రసిరాతో సహా ఏడాదంతా ఉండిపోతుంది. పలక మీద తప్పు చేత్తో తుడిస్తే పోతుంది. మళ్లీ రాయడానికి వాడు భయపడడు.

పలకే మంచి కథ కూడా. ఈ రాయి ఒకప్పుడు నీళ్ల అడుగున పేరుకున్న మెత్తటి బురద. వంద కోట్ల ఏళ్లకు పైగా గడిచాయి. పైన బరువు పడింది, లోపల వేడి పుట్టింది, బురద గట్టిపడి పొరలు పొరలుగా చీలే రాయి అయింది. ఆ పలకకు నోరు వస్తే ఏం చెబుతుంది? ‘నేను సముద్రంలో ఉండేదాన్ని’ అని మొదలుపెట్టి మీరు రెండు మాటలు చెప్పండి. మిగతాది పిల్లవాణ్ని చెప్పనివ్వండి. అడుగున ఉన్నప్పుడు ఎవరు కనపడ్డారు, పైకి తీసినవాడి చేతులు ఎట్లా ఉన్నాయి, మొదట ఏ అక్షరం తన మీద రాశారు. వాళ్ల నాయనో తాతో గనిలో పనిచేసి ఉంటే ఆ కథలోకి ఎట్లాంటి సంగతులు వస్తాయో మనం ముందుగా ఊహించలేం.

వాడు చెప్పేటప్పుడు మీరు రాసుకోండి. వాడి మాట వాడు అన్నట్టే రాయండి. ‘యాడికి పోయినావు’ అని పలక అంటే ‘ఎక్కడికి వెళ్లావు’ అని దిద్దకండి. ఈ ఒక్క చోట మాత్రం నేను పట్టుబట్టి చెబుతున్నాను. దిద్దిన మరుక్షణం అది మీ కథ అయిపోతుంది. న్యూజీలాండ్‌లో సిల్వియా ఆష్టన్ వార్నర్ అనే ఉపాధ్యాయిని మావోరీ పిల్లలకు వాళ్ల నోట వచ్చిన మాటలతోనే చదువు మొదలుపెట్టింది. రోజూ ప్రతి పిల్లనూ పిల్లవాణ్నీ ఈరోజు నీకే మాట కావాలని అడిగి, అట్ట మీద రాసి చేతిలో పెట్టేది. 1963లో వచ్చిన తన ‘టీచర్’ పుస్తకంలో ఆమె ఆ పద్ధతిని వివరించింది. భయం, ప్రేమ ఉన్న మాటలు ఒక్కసారికే పిల్లలకు వచ్చేసేవట. మన పిల్లవాడు చెప్పిన పలక కథను నాలుగైదు లైన్లకు కుదించి, పెద్ద అక్షరాలతో, లైనుకూ లైనుకూ ఎడం ఎక్కువ పెట్టి రాసి మర్నాడు ఇవ్వండి. తర్వాత ఏ మాట వస్తుందో వాడికి ముందే తెలుసు, ఎందుకంటే చెప్పింది వాడే. ఆ ధీమాతో చదువుతాడు. అదే వాడి మొదటి పాఠ్యపుస్తకం.

లెక్కలు రాని పిల్లలకూ మన నేల మీదే కథ ఉంది. శ్రీశైలం జలాశయంలోని కొల్లంవాగు నుంచి వెలిగొండ ప్రాజెక్టుకు నీళ్లు తెచ్చేందుకు తవ్విన రెండు సొరంగాలు, ఒక్కొక్కటి 18.8 కిలోమీటర్లు. కొండను తొలిచింది పెద్ద యంత్రం. పిల్లలకు దాన్ని రాయి తినే పురుగు అని చెప్పండి. రోజుకు 10 మీటర్లు తింటే కొండ అవతలికి ఎన్నాళ్లకు పోతుంది? 18,800ను 10తో భాగించమంటే కళ్లు తేలేసే పిల్లవాడు, పురుగు ఎప్పుడు బయటపడుతుందో తెలుసుకోవడానికి పదులు పదులుగా లెక్కపెట్టడం మొదలుపెడతాడు. 1,880 రోజులు, అంటే అయిదేళ్లు దాటి. మధ్యలో పురుగుకు జబ్బు చేస్తే? అక్కడ్నుంచి వాడే కొత్త లెక్కలు తయారుచేస్తాడు.

పంది రూపాయలు

ఒక పిల్లవాడు ‘మా నాయన పది రూపాయలు ఇచ్చాడు’ అని రాయబోయి ‘పంది రూపాయలు’ అని రాశాడనుకోండి. తరగతి నవ్వుతుంది. వాడు చచ్చిపోయినంత పని అవుతుంది. ఆ క్షణంలో ఉపాధ్యాయుడు ఏం చేస్తాడన్న దాని మీద చాలా ఆధారపడి ఉంది.

ఇటలీ రచయిత జాన్ని రొదారి పిల్లల తప్పుల్ని కథలకు విత్తనాలుగా చూశాడు. తప్పుల మీదే 1964లో ఒక పుస్తకం రాశాడు. 1973లో వచ్చిన ‘కల్పనా వ్యాకరణం’లో ఆ కిటుకులన్నీ చెప్పాడు. ఆయన దారిలో పోతే, ఉపాధ్యాయుడు నవ్వేవాళ్లను ఆపి, నిజంగానే అడగాలి: పంది రూపాయలు చెల్లే ఊరు ఎక్కడుంటుంది? అక్కడ అంగడికి పోతే చిల్లర ఏమిస్తారు? పంది పిల్లల్నా? జేబులో ఎట్లా పెట్టుకుంటారు? అయిదు నిమిషాల్లో తప్పు రాసినవాడు ఆ ఊరికి సర్పంచి అయిపోతాడు. ఒక్క సున్న చేరితే పది పంది అవుతుందని ఆ తరగతిలో ఎవరూ ఇక మరిచిపోరు. కథ అయ్యాక ‘మీ నాయన ఇచ్చింది ఏ రూపాయలు?’ అని అడిగి, సరైన మాట వాడి చేతే రాయించండి. నవ్వు వాడి మీద నుంచి కథ మీదికి మళ్లాలి. అది మళ్లకపోతే అక్కడే ఆపేయండి.

పిల్లవాడి లోపాన్ని కథలో బలంగా మార్చిన ఉదాహరణ ఇంకోటి ఉంది. అమెరికాలో రిక్ రియోర్డాన్ కొడుక్కి డిస్లెక్సియా, నిలకడ కుదరని ఇబ్బంది రెండూ ఉన్నాయి. పడుకునే ముందు గ్రీకు పురాణ కథలు చెప్పమనేవాడు. తండ్రికి తెలిసిన కథలు అయిపోయాయి. కొత్తది అల్లమన్నాడు కొడుకు. ఆయన అల్లిన కథలో పెర్సీ జాక్సన్ అనే అబ్బాయికీ అక్షరాలు తారుమారవుతాయి, ఎందుకంటే వాడు దేవుడి కొడుకు, వాడి మెదడు ప్రాచీన గ్రీకు చదవడానికి పుట్టింది. కుదురుగా కూర్చోలేకపోవడం యుద్ధంలో వాణ్ని కాపాడే గుణం. 2005లో అది పుస్తకమై ప్రపంచమంతా చదివింది. మనకు దీనికోసం గ్రీసు దాకా పోనక్కర్లేదు. నల్లమలలో అచ్చు చదవలేనివాడికే వినపడే భాష ఏదో చెట్లు మాట్లాడుతాయని చెప్పండి. ఆ భాష మాటలు కొన్ని వాణ్ని కనిపెట్టమనండి.

బయటికి మాట్లాడని, ఎవరితో కలవని పిల్లలు కూడా కొందరు ఉంటారు. షికాగోలో చిన్నపిల్లలకు చదువు చెప్పిన వివియన్ పేలీ తరగతిలో ఒక పిల్లవాడు తాను హెలికాప్టర్‌నని, దాని రెక్కలు విరిగాయని తప్ప ఏమీ మాట్లాడేవాడు కాదు. ఆమె దాన్ని మాన్పించలేదు. పిల్లలు చెప్పిన కథల్ని రాసుకుని తరగతిలో ఆడించడం ఆమెకు అలవాటు. ఆ కథల్లోకి మెల్లగా హెలికాప్టర్‌నూ రానిచ్చింది. మిగతా పిల్లలే వాణ్ని తమ కథల్లోకి పిలుచుకున్నారు. 1990లో ఆ సంగతి మీదే పుస్తకం రాసింది. వీథిభాగవతాలు చూసి పెరిగిన మన ఊళ్లకు కథను ఆడడం నేర్పాలా? ఒక తువ్వాలు, ఒక కర్ర చాలు.

కొన్ని హెచ్చరికలు

కథ ఈ ఇబ్బందిని మాన్పుతుందని నేను చెప్పడం లేదు, ఎవరైనా చెబితే నమ్మకండి. అక్షరం ఒక్కొక్కటిగా, వరసగా, విసుగు లేకుండా, పదేపదే నేర్పవలసిందే. కథ పిల్లవాణ్ని ఆ పనికి కూర్చోబెడుతుంది, కూర్చున్నవాణ్ని లేవనీయకుండా చూస్తుంది. రోజుకు పది నిమిషాల కథ, పదిహేను నిమిషాల అక్షరం అనుకుంటే సరిపోతుంది. ఒకే టీచరు అయిదు తరగతులు చూసుకునే బడిలో కూడా ఇది కుదురుతుంది. అయిదో తరగతి పిల్ల మూడో తరగతి వాడు చెప్పే కథ రాసిపెడుతుంది, ఇద్దరికీ చదువే.

కథ చివర నీతి అడగకండి. ‘ఇందులో నీతి ఏమిటి?’ అన్న ప్రశ్న వినగానే పిల్లవాడికి మళ్లీ పరీక్ష గది గుర్తొస్తుంది. అందరి ముందు నిలబెట్టి పైకి చదివించకండి. ముందు రోజు చెప్పి, ఇంట్లో సాధన చేయించి, వాడు సరేనంటేనే చదివించండి. సైన్సు, సోషల్ వంటి పాఠాల్లో వాడికి ఎంత తెలుసో నోటితో అడిగి చూడండి. రాతపరీక్ష వాడి చేతిరాతను కొలుస్తుంది, తెలిసినదాన్ని కొలవదు. పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి వంటి వెసులుబాట్లకు ధ్రువపత్రం అడుగుతారు. ఆ పని తొమ్మిదో తరగతి చివరిదాకా నానబెట్టకండి.

ఇంట్లో చదువుకున్నవాళ్లు ఎవరూ లేరని దిగులుపడే తల్లిదండ్రులకు ఒక మాట. పైన చెప్పినవాటిలో సగానికి పైగా పనికి అక్షరం రానక్కర్లేదు. వలస పోయినప్పుడు పిల్లవాణ్ని అవ్వ దగ్గర వదిలిపోతున్నారంటే, రాత్రి పూట కథ చెప్పే మనిషి దగ్గర వదిలిపోతున్నారు. ఫోను చేసినప్పుడు ‘బాగా చదువుకుంటున్నావా’ అని అడగకుండా ‘నిన్న అవ్వ ఏం కథ చెప్పింది, నాకు చెప్పు’ అనండి. మీరు ఊ కొట్టండి.

ఉపాధ్యాయులారా, రేపు మొదటి పీరియడ్‌లో ఆ మూలన కూర్చున్న పిల్లవాణ్ని పిలిచి, పలకకు నోరు వస్తే ఏమంటుందో అడగండి. వాడు చెప్పింది నాలుగు లైన్లు వాడి మాటల్లోనే రాసి, అడుగున వాడి పేరు పెట్టి, వాడి చేతికి ఇవ్వండి.